అగ్గిపెట్టె సారు

ఆ మనిషి మళ్లీ వచ్చాడు.

ప్రొద్దుటూరులో హజరాబీ చిల్లరంగడికి నెలకోసారి వస్తాడు. నెరిసిన తల, చేతిలో పొడుగాటి పుస్తకం, జేబులో రెండు పెన్నులు. కొనేది ఎప్పుడూ ఒక్క అగ్గిపెట్టె. ధరలు మాత్రం అంగడిలో ఉన్నవన్నీ అడుగుతాడు.

“కందిపప్పు కేజీ ఎట్లిస్తాండావమ్మా?”

“నూటా ముప్పై సారూ.”

పొద్దున్నే అదే పప్పు నూటా డెబ్బైకి అమ్మింది మహాతల్లి.

“శెనిక్కాయ నూనె?”

“నూటా ఇరవై.”

అదీ అబద్ధమే.

“ఎర్రగడ్డలు?”

“కేజీ ఇరవయ్యే సారూ!” పక్కనే కూరగాయలమ్మే వెంకటమ్మ అందుకుంది. ఆమె నోటికొచ్చింది ఇరవై, గంపలో ఉల్లిపాయలు అమ్మేది నలభైకి.

ఆయన పెన్ను ఆగింది.

“నిజం ధర చెప్పండమ్మా. మీరు చెప్పిందే నేను రాయాల. సొంతంగా ఒక్క రూపాయి మార్చే హక్కు నాకు లేదు.”

“ఇంతకూ నీది ఏం పని సారూ?” హజరాబీ అడిగింది.

“సర్కారు పనే. ట్యాక్సుకూ దీనికీ సంబంధం లేదులేమ్మా.”

ఏ ట్యాక్సాయన తాను ట్యాక్సాయననని చెప్పుకుని తిరుగుతాడు?

“బీడీ తాగవు, సిగరెట్టు తాగవు. నెలనెలా ఈ అగ్గిపెట్టె ఎందుకు సారూ?”

ఆయన నవ్వాడు.

“ఊరికే మీ టైం తినిపోతే బాగుండదు గదమ్మా.”

రెండు రూపాయలిచ్చి వెళ్లిపోయాడు. ఆయన పుస్తకంలో నిజం ధర ఉన్నది ఆ అగ్గిపెట్టెకొక్కటే.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో, ఇద్దరూ మొదలుపెట్టారు.

“ఎవురంటావు హజరా ఈయప్ప?”

“ఇంకెవురు? రేషన్ కార్డులు పీకేకి వచ్చినోడు. ధర ఎక్కువ చెప్పినామనుకో, వీళ్లకు శానా దుడ్లొస్తాండాయని రాసుకుంటాడు. కార్డు పాయె!”

“నిజమేనే. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని నా పింఛను ఆపలా?”

“సర్కారోళ్లకు నిజం చెప్పి బాగుపడినోణ్ని ఒక్కణ్ని చూపించు వెంకటమ్మక్కా, వానికి దండం పెడతా.”

అంతటితో ఊరుకుంటే హజరాబీ ఎట్లవుతుంది? సందంతా తిరిగి చెప్పొచ్చింది. పన్నెండు రూపాయల టీని ఆ సారు పుస్తకంలో టీ బంకు అమీర్ బాషా ఏడుకు దించాడు. మంగలంగట్లో క్షవరం సగానికి పడిపోయింది. ఆ పుస్తకం నమ్మి ఎవరైనా వస్తే, కాపురం పెట్టడానికి ఆ సందుకు మించిన చోటు దేశంలో లేదు.

హజరాబీ మొగుడు సలీం సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. అంతకుముందు ఎనిమిదేళ్లు కువైట్‌లో డ్రైవరు. తిరిగొచ్చిన రోజు కూతురు ఆఫ్రీన్ తలుపు చాటుకు పోయి, “ఈయప్ప ఎవురుమా?” అని అడిగింది. ఆ మాటకు ఆయన కూలబడి ఏడ్చాడు. మళ్లీ విమానమెక్కనని ఆ పూటే బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు.

అయితే ఒట్టుతో ఇల్లు గడవదు గదా.

“అక్టోబరులో కూలి పెంచుతారంట,” అన్నాడొక రోజు అన్నం తింటూ. “రోజుకు యాభై పెరిగినా చాలు, ఈడ్నే పడుంటా. ల్యాకపోతే కువైట్‌లో ఉండే షాహుల్ మామ వీసా తెచ్చి పెట్టినాడు, పోవాల్సిందే.”

హజరాబీ ఆ రోజు నుంచి ప్రతి నమాజులోనూ అదే అడిగింది. “యా అల్లా, నా మొగుని కూలి పెంచు.”

జూన్ నెలాఖరుకు అగ్గిపెట్టె సారు వచ్చాడు.

“ఈ నెలతో రిటైరైపోతాండానమ్మా. ఇంక రాను. ఈ ఒక్కసారన్నా నిజం చెప్పు తల్లీ. నిజం చెప్తే మీ అసుమంటోళ్లకే మంచిది.”

ఆ ముఖం చూస్తే హజరాబీకి జాలేసింది. నూటా డెబ్బై అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కార్డు గుర్తుకొచ్చింది.

“పప్పు ఇంకా తగ్గింది సారూ. నూటా ఇరవై అయిదే.”

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. రాసుకున్నాడు. అగ్గిపెట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

అక్టోబరు వచ్చింది.

సలీం ఇంట్లోకొచ్చి టిఫిన్ క్యారియర్ నేలకేసి కొట్టాడు.

“నాలుగు రూపాయలు! రోజుకు నాలుగే నాలుగు రూపాయలు పెంచినారు హజరా!”

“అదేం అన్యాయం? ఎవురు పెంచింది అంత తక్కువ?”

“మేమూ అదే అడిగితిమి. ధరలు పెరిగితేనే కూలి పెరుగుతాదంట. ఊరూరా అంగళ్లకాడికి మనిషిని పంపి, పప్పెంత, నూనెంత అని నెలనెలా రాయించుకుంటారంట. ఆ లెక్కను బట్టే మా కూలి.”

హజరాబీ చేతిలో నీళ్ల చెంబు అట్లే ఆగిపోయింది.

“మన పక్క ధరలు తగ్గినాయంట! ఇంటివా? తగ్గినాయంట! ఏ పాపిష్టోళ్లు చెప్పినారో గానీ, వాళ్ల నోట్లో మన్ను పడ!”

ఆమె చెంబు కింద పెట్టింది.

“పెట్టె తాళం యాడ పెట్టినావు? పాస్‌పోర్టు తీయాల.”

కొంగున ఉన్న తాళంచెవి విప్పి ఇచ్చింది. తలుపు దగ్గర ఆఫ్రీన్ నిలబడి నాయన వైపే చూస్తోంది.

నెలనెలా అంగడి ముందు నిలబడి, పుస్తకం తెరిచి, సలీంకు కూలి ఎంత పెంచమంటావమ్మా అని ఆ మనిషి అడిగి పోయింది తననే.