రెండో గేరు

మునిశేఖర్ కెమెరా ఆపి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

తెల్లచొక్కా, భుజాన తువ్వాలు.

"టమోటా లోడు ఆట గురించి చెప్పింది నువ్వేనా నాయనా?"

"నేనే. ఎవరు మీరు?"

"ఆదిమూలం అంటారు. భాకరాపేట మాది. బస్సుకొచ్చినాను."

కొత్తగా విడుదలయ్యే వీడియో గేముల మీద మునిశేఖర్ యూట్యూబ్‌లో చెప్పే రివ్యూలు రెండు లక్షల మంది చూస్తారు. తిరుపతిలోని అతని మేడగదిని వెతుక్కుంటూ వచ్చినవాడు మాత్రం ఈయనొక్కడే.

"మీరు కూడా గేములు ఆడతారా తాతా?" నవ్వుతూ కుర్చీ చూపించాడు.

ఆయన కూర్చోలేదు.

"నాకు ఆటలు రావు. నువ్వు చెప్పింది విన్నాను. ఒక మాట తప్పు చెప్పినావు."

మునిశేఖర్ నవ్వు ఆగిపోయింది.

టమోటా లోడు ఆ నెలలోనే వచ్చింది. తిరుపతి వాళ్ళే ఇద్దరు కలిసి చేశారు. మదనపల్లెలో టమోటాలు ఎత్తుకున్న లారీని భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి దింపాలి. అంతే ఆట. కొండలు బాగున్నాయి, ఇంజను చప్పుడు బాగుంది, బ్రేకే బాగాలేదని చెప్పి మునిశేఖర్ పదికి మూడు మార్కులు వేశాడు.

"ఏం తప్పు?"

"సగం ఘాట్ దిగేసరికి బ్రేకు పట్టడం లేదు, అది చేసినోళ్ళ తప్పు అన్నావు."

"పదకొండుసార్లు లోయలో పడినాను తాతా! తప్పు కాదా మరి?"

"బ్రేకు మింద నుంచి కాలు తీసినావా?"

"దిగేటప్పుడు బ్రేకు తొక్కక ఇంకేం తొక్కాల?"

"రెండో గేరు ఏసుకొని దిగాల. బండిని ఇంజనే పట్టుకుంటాది. బ్రేకు అట్లే తొక్కిపెడితే కాలిపోతాది. ఆ తర్వాత తొక్కినా ఒకటే, తొక్కకున్నా ఒకటే."

"ఇది ఆట తాతా. ఆడేవాళ్ళకు హాయిగా ఉండాల."

"నీ మాట వినేది ఈ పక్క పిలకాయలే గదా. రేపు నిజంగా ఆ దోవలోనే దిగుతారు. తప్పు ఆటది కాదని ఒక్క మాట చెప్పు నాయనా. మార్కులు నీ ఇష్టం."

మునిశేఖర్‌కు అప్పుడు అనుమానం వచ్చింది.

"ఆ గేము చేసినోళ్ళు పంపినారా మిమ్మల్ని? ఏమిస్తామన్నారు?"

ఆదిమూలం భుజాన తువ్వాలు సర్దుకున్నాడు.

"ఎవురూ పంపలేదప్పా. నేనే వచ్చినా."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం ఆటకు అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు బ్రేకు ఎంతసేపు తొక్కినా పడుతోంది.

"సూసినారా అబ్బా, మన మాటకు విలువ ఉండాది!" అని మునిశేఖర్ ఇంకో వీడియో పెట్టాడు. మార్కులు ఏడుకు పెంచాడు.

రెండు నెలల తర్వాత కొత్త కారులో తల్లి భారతమ్మను ఎక్కించుకుని మదనపల్లె నుంచి వస్తున్నాడు. ఘాట్ మొదలైంది. ఆటలో దిగినట్టే దిగాడు, కాలు బ్రేకు మీదే ఉంచి.

"ఏందిరా, ఏదో కాలిన వాసన?" అంది భారతమ్మ.

తర్వాతి మలుపులో బ్రేకు మెత్తబడింది. ఇంకా తొక్కాడు. కాలు అడుగుకు ఆనింది. కారు ఆగలేదు.

ఎదురుగా బస్సు.

ముసలాయన మాట గుర్తొచ్చింది. చెయ్యి గేరు మీదకు పోయింది. మూడు. రెండు.

ఇంజను పెద్దగా మూలిగింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు కారు నెమ్మదించి, బస్సుకు జానెడు దూరంలో, కొండ పక్క మట్టిలోకి ఒరిగి నిలిచింది.

భారతమ్మ గోవిందా అనడం కూడా మరిచిపోయింది.

ఆ సాయంత్రమే మునిశేఖర్ ఆట చేసిన ఇద్దరిలో ఒకరైన హేమశ్రీకి ఫోన్ చేశాడు.

"ఆదిమూలం అని, భాకరాపేట ఆయన. మీకేమన్నా తెలుసా?"

"తెలియకపోవడమేంది సార్! ఆ ఘాట్ అంతా ఆయన చెప్పిందే. ఒక్కో మలుపు నడిచి చూపించినాడు. ఎనిమిది నెలలు మా పక్కనే కూర్చున్నాడు. ఏమన్నా తీసుకోండి అంటే, బ్రేకు మాత్రం మార్చొద్దమ్మా, అది చాలు అన్నాడు."

"మరి మార్చినారే?"

"మీ వీడియో చూసినాక ఎవరూ కొనలేదు సార్. ఏం చేసేది? బ్రేకు మార్చిన రోజు నుంచి ఆయన రావడం మానేసినాడు."

మర్నాడు పొద్దున్నే మునిశేఖర్ భాకరాపేట బస్సెక్కాడు. కెమెరా వెంట తెచ్చుకున్నాడు. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు తనదేనని అందరికీ చెప్పాలి.

తలుపు తీసింది ఆయన భార్య పంకజాక్షి.

"ఆయన పోయి ఇరవై దినాలైంది నాయనా. గుండెనొప్పి. రా, లోపలికి రా."

మునిశేఖర్ లోపలికెళ్ళి కెమెరా సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఆయన మాట వినలేదమ్మా."

"చెప్పినాడులే. కోపమేం లేదు. ఎవురన్నా చెప్తే గదా తెలిసేది, పిలకాయ అన్నాడు."

"అంత అనుభవం ఉన్న మనిషి. ఆ ఘాట్‌లో ఎన్నేండ్లు నడిపినాడమ్మా లారీ?"

"ఎన్నేండ్లా? నాలుగు నెలలు."

మునిశేఖర్ తలెత్తి చూశాడు.

"మాకు పెండ్లయిన ఏడాది అది. మా నాయన తోటలో కాసిన టమోటాలు ఎత్తుకొని, మా నాయన్నే పక్కన కూసోబెట్టుకొని ఈయన లారీలో ఘాట్ దిగినాడు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "గేరులో దిగాలని అప్పుడు ఈయనకు చెప్పినోళ్ళు ఎవురూ లేరు, మా నాయన ఆ లోయలోనే పోయినాడు, ఈయన మళ్ళా స్టీరింగు ముట్టుకోలేదు."