నాలుగో ట్యూబు

"ఇదీ పనికిరాలేదు" అంటూ ఆ పెద్దమనిషి మూడో సన్‌స్క్రీన్ ట్యూబు తెచ్చి మందుల షాపు అద్దాల బల్ల మీద పెట్టాడు. పెట్టాడంటే మామూలుగా కాదు. లోపల వరసగా నిలబెట్టిన దగ్గుమందు సీసాలన్నీ గలగలమంటూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

షాపావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ కొట్టు నడుపుతోంది. ఆవిడ "ఇది రాసుకో" అంటే చాలు, దురద సగం దారిలోనే సిగ్గుపడి వెనక్కి పోతుందని పేటలో పేరు. అలాంటి మనిషి చేతిమీదుగా వెళ్ళిన సరుకు ఒక్క వారంలో మూడుసార్లు తిరిగి రావడం ఆవిడకి తల కొట్టేసినట్టుగా ఉంది.

"మళ్ళీ ఏమైంది అన్నయ్యగారూ?"

"ఏమవడానికి ఇంకేం మిగిలిందమ్మా. మీరే చూడండి."

పెద్దమనిషి పక్కకి తప్పుకున్నాడు. వెనకాల అతని కూతురు నిలబడి ఉంది. పొడుగుపాటి పిల్ల. రెండు బుగ్గలూ కందిరీగలు వంతులు వేసుకుని కుట్టినట్టు ఉబ్బి ఉన్నాయి.

"దీనికన్నా ఎండే నయం ఆంటీ" అంది పిల్ల.

"నువ్వుండు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఇరవై కిలోమీటర్ల నడక పందెమమ్మా. మొదటి ముగ్గురినీ జట్టులోకి తీసుకుంటారు. పోయినసారి పదిహేనో కిలోమీటరు దాకా ఇదే ముందు. మొహం కాలి బొబ్బలెక్కి, కళ్ళు తిరిగి కూలబడింది. రేపు కూడా అలా కూలబడితే ఇంకో రెండేళ్ళు ఆగాలి. దీని ఒంటికి గోధుమ తగలకూడదన్నాడు చర్మం డాక్టరు. ఆ ముక్క మీకు మొదటి రోజే చెప్పాను."

"చెప్పారు. నేనూ గోధుమ లేనివే ఇచ్చాను."

"మరి ఈ దద్దుర్లు గాలికి మొలిచాయా?"

ఆవిడ మూడో ట్యూబుని పక్కకి నెట్టింది. లోపలికెళ్ళి, పైఅరలోంచి నాలుగో ట్యూబు తీసుకొచ్చింది. "ఇందులో జింకు, కొబ్బరినూనె, తేనెమైనం. ఇంకేమీ లేవు. సువాసన కూడా లేదు. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం దీని గుమ్మం కూడా తొక్కలేదు. పసిపిల్లలకి రాస్తారు."

పెద్దమనిషి జేబులోంచి భూతద్దం తీశాడు. ఆవగింజంత అక్షరాల్ని ఒక్కటి వదలకుండా పైకి చదివాడు. తయారైన తేదీ చదివాడు. కంపెనీ చిరునామా చదివాడు. పిల్లలకి అందకుండా ఉంచమన్నది రెండుసార్లు చదివాడు.

"పరీక్ష ఉందా నాన్నా దీంట్లో?" అంది పిల్ల.

"సరే, కాగితం మీద బాగానే ఉంది" అన్నాడు అతను మూత తిప్పుతూ. "ఇటు రా, రాస్తాను."

"ఆగండి. ఆ మూడూ కూడా మీరే రాశారా?"

"ఇంకెవరు రాస్తారు? నా బిడ్డ మొహం మీద పరాయి చెయ్యి పడనివ్వను."

"అందుకే నా అనుమానం. గోడకి సున్నం కొట్టినట్టు దట్టిస్తున్నారేమో. ఒక పని చేద్దాం. ఎడమ చెయ్యి మీది, కుడి చెయ్యి నాది. ఇద్దరం ఇదే ట్యూబులోంచి శనగగింజంత తీసి మోచేతి మడతలో రాద్దాం. పావుగంట చూద్దాం. మచ్చ లేస్తే నేనీ కొట్టులో సన్‌స్క్రీన్ అమ్మడం మానేస్తాను."

పందెం కుదిరింది. ఇద్దరూ కొలిచినట్టు రాశారు. పిల్ల రెండు చేతులూ చాపి స్టూలు మీద కూర్చుంది.

పావుగంట గడవాలి కదా. తండ్రి కూతురి గొప్పలు మొదలెట్టాడు. "ఇది నడుస్తుంటే చూడాలమ్మా. మొన్న నాలుగు వీధికుక్కలు వెంటపడ్డాయి. రెండు కిలోమీటర్లకి నాలుక వేలాడేసి, ఆటో మాట్లాడుకుని వెనక్కి వెళ్ళిపోయాయి."

"కుక్క ఒకటే ఆంటీ. కుంటిది."

"ముందు నడిచేదానివి, వెనకాల ఎన్నున్నాయో నీకేం తెలుసు?"

షాపావిడ నవ్వు ఆపుకుంటూ గడియారం చూసింది. టైమైంది. ముగ్గురూ వంగి చూశారు.

ఎడమ మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత ఎర్రటి దద్దు లేచి కూర్చుంది.

"చూశారా" అన్నాడు పెద్దమనిషి. అనేసి, కుడి చెయ్యి చూశాడు. అక్కడ కడిగిన పళ్ళెంలా నున్నగా ఉంది. మచ్చ లేదు, మాయ లేదు. పిల్ల గోకి చూసుకుంది. ఏమీ లేదు.

ట్యూబు ఒకటే. ఒళ్ళూ ఒకటే. పెద్దమనిషి భూతద్దం పెట్టి రెండు చేతులూ మార్చి మార్చి చూశాడు.

"మీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా" అన్నాడు చివరికి.

షాపావిడ నడుం నిటారు చేసింది. ఇరవై ఆరేళ్ళ పేరు మళ్ళీ గుమ్మంలో అడుగుపెట్టినట్టయింది ఆవిడకి. "నా చేతిలో ఏం లేదు అన్నయ్యగారూ. మహిమేదో మీ చేతుల్లోనే ఉన్నట్టుంది. ఇంతకీ మీరు ఏం పని చేస్తుంటారు?"

వారం రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్దమనిషి చొక్కా సర్దుకుని, ఛాతీ విరుచుకుని, రెండు అరచేతులూ పతకాల్లా బల్ల మీద పరిచాడు.

"పుస్తకాలకి బైండింగు చేస్తానమ్మా. ముప్ఫై ఏళ్ళలో నేను కట్టిన అట్ట ఒక్కటి ఊడలేదు. బజారు జిగురు ఛస్తే ముట్టను. మేలురకం గోధుమ మైదా నేనే ఉడకేసి, బ్రష్షు కూడా వాడకుండా, పొద్దస్తమానం ఈ పది వేళ్ళతోనే పూస్తాను."