మంగళవారం అరగంట

"ఈ కుర్చీ ఖాళీయేనా అండీ?" అని అడిగారు తాతగారు.

"మీరు కూర్చునేదాకా ఖాళీయే," అంది పెద్దావిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు.

ల్యాబు గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికీ నవ్వొచ్చింది. ఆరు మంగళవారాలుగా అదే ప్రశ్న, అదే జవాబు. ఆవిడకు మాత్రం ప్రతిసారీ కొత్తే.

అమ్మాయి మెదడు గురించి, జ్ఞాపకం గురించి డిగ్రీ చదువుతోంది. ఆఖరి సంవత్సరం. మరపు జబ్బున్న పన్నెండు మందికీ, అదే వయసున్న ఆరోగ్యవంతులైన పన్నెండు మందికీ బొమ్మలు చూపించి, ఎవరికెన్ని గుర్తున్నాయో పోల్చడం ఆమె ప్రాజెక్టు.

ఆవిడ ఏడో నంబరు పేషెంటు. తాతగారు ఏడో నంబరు పోలిక మనిషి.

అంతకుమించి అమ్మాయికి తెలియదు, తెలియకూడదు కూడా. పేర్లూ వివరాలూ ప్రాజెక్టు చేయించే మేడం దగ్గరే ఉంటాయి. తమ గురించి ఏమీ చెప్పబోమని వచ్చినవాళ్లంతా సంతకం పెట్టారు.

పరీక్ష పదకొండింటికి. తాతగారు పదిన్నరకే వచ్చేవారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి జుట్టు మీద దువ్వెన గీతలతో. కిటికీలోంచి ఎండ మెల్లగా ఇద్దరి మోకాళ్ల మీదికి పాకేది. ఆ అరగంటా వరండా మొత్తం నీళ్ల మీద తేలుతున్నట్టుండేది. ఆయన వానల గురించి చెప్పేవారు, రైళ్ల గురించి చెప్పేవారు, ఒకసారి టీలో చక్కెర అనుకుని ఉప్పు వేసిన వైనం చెప్పేవారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వేది.

ఒకే జోకుతో ఆరు వారాలుగా నెట్టుకొస్తున్నారని అమ్మాయి ఆటపట్టించింది.

"కొనేవాళ్లున్నప్పుడు సరుకు మార్చడమెందుకు తల్లీ," అన్నారాయన.

ఆ సాయంత్రం మేడం కాగితాలు చూసి కనుబొమలు ముడిచారు. ఏడో పేషెంటుకు మిగతా పదకొండు మందికంటే ఎక్కువ బొమ్మలు గుర్తుంటున్నాయి. పరీక్షకు ముందు ఎవరైనా మాట్లాడిస్తున్నారా అని అడిగారు.

అమ్మాయికి తాను చూసీచూడనట్టు వదిలేసిన రూలు గుర్తొచ్చింది. పేషెంట్లనూ పోలిక మనుషులనూ కలవనివ్వకూడదన్నది మొదటిరోజే చెప్పిన రూలు. ప్రాజెక్టు కొట్టేస్తే ఏడాది చదువు గంగలో కలుస్తుంది.

తాతగారిని శుక్రవారానికి మార్చేసింది.

ఆ మాట చెబితే ఆయన చొక్కా గుండీ తిప్పుకున్నారు.

"వారమంతా ఈ అరగంట కోసమే చూస్తాను తల్లీ."

ఈ వయసులో ఇదేం ముచ్చటో అనుకుని లోలోపల నవ్వుకుంది అమ్మాయి.

"అది కాదమ్మా, నేను ఆవిడకి..."

"మీ గురించి ఏమీ చెప్పకూడదు తాతగారూ. సంతకం పెట్టారు కదా."

ఆయన గుండీ వదిలేశారు. తర్వాత మెల్లగా, "నీ చదువు చెడకూడదులే. శుక్రవారమే వస్తాను," అన్నారు.

మరుసటి మంగళవారం పెద్దావిడ పక్క కుర్చీలో తన సంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీ తీయబోతే ఒప్పుకోలేదు.

"ఒకరు వస్తారు," అంది.

"ఎవరు అమ్మమ్మగారూ?"

ఆవిడ కళ్లు మూసుకుని వెతుక్కుంది.

"తెలీదు. కానీ వస్తారు."

'అయోమయం' అని రాసుకుంది అమ్మాయి. ఆ రోజు ఆవిడ ఇరవై బొమ్మల్లో రెండే గుర్తుపట్టింది. తర్వాతి వారం ఒక్కటి. ఆ పై వారం ఒక్కటీ లేదు. మూడు వారాలూ సంచీ మాత్రం కుర్చీలోనే ఉంది.

ఆ మూడో మంగళవారమే ఆఖరు. ఎప్పుడూ ఆవిడను దింపి కింద బండి దగ్గరే ఆగిపోయే ఆయా పైకొచ్చి చెప్పింది. ఇంట్లో భర్తను చూసి ఎవరో పరాయి మనిషి జొరబడ్డాడని హడలిపోయేదట ఈవిడ. అందుకే తమ వృద్ధుల హోమ్‌లో చేర్చారు. గురువారం ఈవిడ తమ్ముడొచ్చి, రెండు రోజుల ప్రయాణమున్న తన ఊరికి తీసుకెళ్లిపోతున్నాడు.

ఆ భర్త ఎవరో, పాపం, అనుకుంది అమ్మాయి.

ఆ శుక్రవారం తాతగారు వచ్చారు. అదే ఇస్త్రీ చొక్కా. బొమ్మలన్నీ గుర్తుపట్టి లేచారు. ప్రాజెక్టు పూర్తయిందన్న సంబరంలో అమ్మాయి, ఇక ఏ రూలూ లేదు, ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు అంది.

ఆయన చిన్నగా నవ్వారు.

అప్పుడే గదిలోంచి వచ్చిన మేడం ఆయన చెయ్యి పట్టుకుని, "నిన్న మీ ఆవిడ రైలెక్కేటప్పుడు, దూరం నుంచైనా చూసుకున్నారా అండీ?" అని అడిగారు.