అందరి పేర్లూ

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడెందుకు కూచున్నావ్?" అంది శౌరమ్మ.

బందరు రోడ్డు మీద రొయ్యల ఫ్యాక్టరీ గేటు ముందు, రొయ్యలు వలిచే ఆడవాళ్ళంతా పొద్దుటి నుంచీ బైఠాయించి ఉన్నారు. వాళ్ళ మధ్య ఈ కొత్త మనిషి ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చీర, చేతికి వాచీ, మొహంలో నీరసం.

"నా పేరు సింధూరి అండి. మీతో పాటు కాసేపు కూర్చుందామని వచ్చాను."

"మాతో పాటా?" శౌరమ్మ నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు.

గొడవ చిన్నదేం కాదు. యజమాని జయకృష్ణ కంపెనీ మనుషులకు గ్రూప్ ఆరోగ్య బీమా చేయిస్తున్నాడు. ఆఫీసువాళ్ళకుంది. సూపర్‌వైజర్లకుంది. ఆయన కారు డ్రైవరుకూ ఉంది. ఐసులో చేతులు నానబెట్టి రొయ్యలు వలిచేవాళ్ళకు మాత్రం లేదు.

అదేమంటే, మీరు కాంట్రాక్టరు మనుషులన్నాడు. రొయ్యలు మాత్రం కంపెనీవే.

శౌరమ్మ కడుపులో గడ్డ ఉంది. తీయించకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఈ బీమా పాత జబ్బులకు కూడా పనికొస్తుందని తెలిసిన రోజునే ఆమె పని ఆపేసింది. మా పేర్లు రాసేదాకా ఒక్క రొయ్య వలిచేది లేదంది. మిగతావాళ్ళూ ఆమె వెంటే లేచారు.

"ఒక్క మాటండీ," సింధూరి గొంతు తగ్గించింది. "మధ్యాహ్నం సార్ వచ్చి మీకు ఫ్రీ మెడికల్ క్యాంపు పెట్టిస్తానంటారు. ఒప్పుకోకండి. పేర్లే అడగండి."

"అయ్యగారు ఏమంటారో నీకెట్టా తెలుసు?"

"నేను బెంజ్ సర్కిల్‌లో మన కంపెనీ ఆఫీసులో..."

"ఆఫీసా?" పక్కనున్న తెరేసమ్మ లేచి నిలబడింది. "విన్నారా? ఆఫీసు మనిషంట."

వాళ్ళ భయానికి కారణముంది. ఆమధ్య కూలి పెంచమని అడిగినప్పుడు, ఇలాగే ఒకావిడ వచ్చి మీవైపే అంటూ పక్కన కూర్చుంది. టీ కూడా తాగింది. ముందుండి మాట్లాడిందెవరో వెళ్ళి పైవాళ్ళకు చెప్పింది. మర్నాటి నుంచి కంపెనీ బస్సు, ఆ మనుషులు చెయ్యెత్తినా ఆగలేదు. పనిలోంచి తీసేశామని ఇక్కడ ఎవరూ చెప్పరు. బస్సు ఆగదు, అంతే.

"లేమ్మా. మా ఉసురు పోసుకోకు. పోయి నీ ఏసీలో కూచో," అంది శౌరమ్మ.

"నేను చెప్పేది కాస్త..."

"లేవమన్నానా."

సింధూరి నేల మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచింది. కింద కూచునే అలవాటుంటేగా, అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆమె రోడ్డు దాటి ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం జయకృష్ణ రానే వచ్చాడు. లోపల ఐసు కరుగుతోంది. సరుకెక్కాల్సిన లారీ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"అమ్మా, మిమ్మల్ని నేను వదిలేస్తానా? మెడికల్ క్యాంపు పెట్టిస్తాను. బీపీ, షుగరు, అన్నీ ఫ్రీగా చూస్తారు."

శౌరమ్మకు ఒళ్ళు మండింది.

"చూసి ఏం చేస్తారండీ? జబ్బుందని చెప్పి పంపిస్తారు. ఉందని మాకు తెలుసు. పేర్లు రాయించండి."

"మీరు కాంట్రాక్టరు మనుషులమ్మా."

"అయితే ఆ కాంట్రాక్టర్నే వలవమనండి."

సరుకు వాసన పట్టే వేళకు జయకృష్ణ దిగొచ్చాడు. అందరి పేర్లూ పాలసీలోకి ఎక్కాయి.

"క్యాంపు సంగతి ముందే తెలుసంటే, ఆవిడ కచ్చితంగా అయ్యగారి మనిషే," అంది బస్సులో తెరేసమ్మ.

"మనల్ని నమ్మించడానికి ఒక నిజం చెప్పింది. నా దగ్గరా ఆ ఆటలు," అంది శౌరమ్మ.

ఆ బీమాతోనే విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శౌరమ్మకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది. ఇంటికి పంపించే రోజున, బిల్లు సంగతి చూడటానికి ఆఫీసు గుమాస్తా సాయిగణేష్ వచ్చాడు.

"ఏం బాబూ, మా మీదికి వేగు చూడ్డానికి పంపారే, సింధూరో ఎవరో, బాగుందా?" శౌరమ్మ మంచం మీద దర్జాగా కూర్చుని అడిగింది.

సాయిగణేష్ మొహం మారింది.

"ఆవిణ్ణి ఎవరూ పంపలేదండీ. బీమా పని చూసే మేనేజరు ఆవిడే. మీ పేర్లు కూడా చేర్చమని సార్‌తో పోట్లాడారు. కుదరదంటే ఆ పొద్దున్నే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, నేరుగా మీ దగ్గరికే వచ్చారు."

శౌరమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇప్పుడెక్కడుంది బాబూ?"

"తెలీదండీ. ఫోను ఎత్తట్లేదు. ఉద్యోగం వదిలేస్తే కంపెనీ బీమా కూడా పోతుంది కదండీ, ఆ సంగతి మాకందరికీ చెప్పిందే ఆవిడ."

"పోతే ఏమైంది?"

"ఆ పై వారమే తన గుండె ఆపరేషన్‌కి రోజు ఖాయమై ఉండగా, వాళ్ళ పేర్లు లేని పాలసీలో నా పేరూ అక్కర్లేదని చెప్పి వచ్చిన మనిషండీ ఆవిడ."