సేప పాఠం

"సేప" అన్నాడు సత్యానందం మేస్టారు, బొమ్మ కోసం ఫోను నోటి దగ్గర పెట్టుకుని.

ఫోనుకు కలిపిన గోడ మీది తెర నిండా త్రికోణాలు, చతురస్రాలు, వృత్తాలు వచ్చి కూర్చున్నాయి. ఐదో తరగతి పిల్లలు నోళ్ళు తెరిచారు. చేప శరీర భాగాల పాఠంలో ఈ లెక్కలెందుకొచ్చాయో వాళ్ళకు తెలియలేదు.

"షేప్ అనుకుంటన్నాదండి" అని మేస్టారు సంజాయిషీ చెప్పుకున్నాడు.

వెనక బెంచీ మీద కూర్చున్న మండల విద్యాధికారి జగన్నాధం గారు గొంతు సవరించుకున్నారు. రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది ఆయన మాట. "చేప అనాలి మాస్టారూ. సేప కాదు. ఫోనుకు శుద్ధమైన తెలుగు మాత్రమే అర్థమవుతుంది."

మేస్టారు మళ్ళీ అన్నాడు. మళ్ళీ త్రికోణాలే. ఇంతలో తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న గురమ్మ కిటికీ దగ్గర ఆగింది.

"సేప కావాలంటే నన్నడగాల గానీ, ఫోన్నడుగుతారేటి మేస్టారూ?"

పిల్లలు పకపకా నవ్వారు. వాళ్ళంతా వేటకెళ్ళేవాళ్ళ పిల్లలు, తట్ట మూత తియ్యకుండానే లోపల ఏ చేపుందో వాసన పట్టి చెప్పగలరు. అయితే ఏం లాభం? తట్టలో ఉంటే అది ఉత్త చేప. తెర మీదికొస్తేనే డిజిటల్ బోధన.

జగన్నాధం గారు పది రోజులు గడువిచ్చారు. ఈలోగా చేప తెర మీదికి రాకపోతే మెమో తప్పదన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో సత్యానందం మెమో ముఖం చూసినవాడు కాదు.

మర్నాటి నుంచి మేస్టారు ఫోనుకు శిష్యుడైపోయాడు. పొద్దున్నే సముద్రం ఒడ్డున నడుస్తూ "చ... చ... చ..." అని సాధన మొదలెట్టాడు. వల బాగుచేసుకుంటున్న ఎర్రన్న లేచి నిలబడి, "నానేటి సేసినాను మేస్టారూ, అలా ఛీదరించుకుంటన్నారు?" అని నొచ్చుకున్నాడు.

నాలుగు రోజులకు నాలుక తిరిగింది. తిరిగిందన్న మాటే గానీ మళ్ళీ ఆగలేదు. 'స' వచ్చిన చోటల్లా 'చ' పడిపోయేది. కొట్టుకెళ్ళి చబ్బు అడిగాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతూ సమాధానం కాస్తా చమాధానం చేశాడు. పాస్టరు గారు ప్రార్థనలో ఉండి కూడా ఒక కన్ను తెరిచారు.

మేస్టారి భార్య ఏసమ్మ అంగన్‌వాడీ టీచరు. రోజూ ఫోన్లో టకటకా తెలుగు కొడుతుంది. మొగుడి అవస్థ చూసి ఆమె ఊరుకోలేకపోయింది.

"ఇన్నాళ్ళు పిల్లలకి బోధపడిన మాట దీనికి బోధపడదేటి?" అనేసి, సాయంత్రాలు ఆయన స్నానానికి వెళ్ళగానే ఆయన ఫోను పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. దాంతో ఏదో గొణిగేది, చూసేది, పళ్ళు కొరికేది, వేలితో పొడిచేది. అంగన్‌వాడీ రిపోర్టులేమోననుకుని మేస్టారు పట్టించుకోలేదు.

పదో రోజు రానే వచ్చింది.

"నమస్కారం చార్" అన్నాడు మేస్టారు. జగన్నాధం గారు ఆ చారు మింగి ఊరుకున్నారు. సంచిలోంచి మెమో కాగితం తీసి, పెన్ను మూత విప్పి సిద్ధంగా కూర్చున్నారు.

మేస్టారు కళ్ళు మూసుకుని ఫోను ఎత్తాడు. "చేప" అన్నాడు. గంట కొట్టినట్టుంది.

తెర మీద బొమ్మకు బదులు పెద్ద అక్షరాలతో పడింది: సేప.

మేస్టారు ఇంకోసారి అన్నాడు. సేప. జగన్నాధం గారు విసురుగా లేచొచ్చి ఫోను లాక్కున్నారు. ఒత్తి పలుకుతూ "చేప" అన్నారు. సేప. "చెప్పు" అన్నారు. సెప్పు. "చూడు" అన్నారు. సూడు.

ఆయన ముఖం కందగడ్డయింది. ఇరవై ఏళ్ళ రేడియో గొంతు ఒక్కసారిగా మూగబోయి, దాని వెనకాల దాక్కున్న గొంతు బయటికొచ్చింది.

"ఏటి సేసినారు మేస్టారూ దీన్ని?"

ఫోను వింటూనే ఉంది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆ మాటంతా తెర మీద పరిచేసింది. బోర్డు మీద ఏది కనిపించినా గొంతెత్తి కలిసి చదవడం పిల్లలకు అలవాటు. చదివారు.

"ఏటి... సేసినారు... మేస్టారూ... దీన్ని!"

మేస్టారికి గుమ్మంలో కూర్చున్న ఏసమ్మ గుర్తొచ్చింది. ఆయన మాట తప్పని ఫోను అంటే, ఫోను మాటే తప్పని ఏసమ్మ అనుకుంది. అది తప్పు రాసినప్పుడల్లా చెరిపి, ఆయన పలికినట్టే దిద్ది పెట్టింది. పది రోజుల్లో మేస్టారు ఫోను భాష నేర్చాడు, ఫోను మేస్టారి భాష నేర్చింది. ఇంక ఇద్దరికీ పొత్తెక్కడ కుదురుతుంది?

"మా ఏసమ్మ పనండి" అన్నాడు తల దించుకుని. జరిగింది చెప్పాడు. 'చార్' అనడం కూడా మరిచిపోయాడు. మెమో ఖాయమని తెలిసిపోయాక నాలుక దాని దారికది వెళ్ళిపోయింది.

జగన్నాధం గారు పిల్లల్ని ఆటకు పంపించేశారు. తలుపు దగ్గరికెళ్ళి బయట ఎవరూ లేరని చూసి వచ్చారు. మెమో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలోకి తోసి, అదే సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఫోనొకటి తీసి మేస్టారి చేతిలో పెట్టారు.

"ఇది మాయమ్మ ఫోను. ఆవిడేటి సెప్పినా దీనికి బోధపడదు. మీ ఆవిడ కాడ ఓ పది రోజులు సదువుకోనీండి."