మూరెడు తక్కువ

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి! ఆ గుసగుసలు కాసేపు కట్టిపెట్టండి. మీ కబుర్లు ఎక్కడికీ పోవు, నా కథకి మాత్రం కాళ్ళున్నాయి.

దర్జీ కూతురికి ఆ రోజు పదకొండింటికి పరీక్ష. చెవిలో మాటలు వింటూ గంటసేపు కంప్యూటర్లో టైపు కొట్టాలి. నెగ్గితే ఉద్యోగం. తప్పితే మళ్ళీ పిలవరు.

టైపు షాపులో ఉన్నదే ఒక్క కంప్యూటర్. పిల్ల దాని ముందు కూర్చుని ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.

"అన్నా, సౌండు రావట్లేదు!"

షాపాయన ఉరికొచ్చాడు. తెర మీద సౌండు గీతలు కోతుల్లా ఎగురుతున్నాయి. చెవిలో మాత్రం చీమ చిటుక్కుమంటే ఒట్టు!

"గట్టిగా ఊదు," అన్నాడు బాబాయి. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు, సలహాలకి మాత్రం అందరికీ బాబాయే.

ఊదారు.

"ఓ దెబ్బెయ్యి."

వేశారు. ఊహూఁ.

ఇంకా పదే నిమిషాలు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

అప్పుడు లేచాడండీ, గళ్ళ చొక్కాయన! పొద్దున్నే వచ్చి, బల్ల మీద ఓ చీటీ పెట్టి, మూల బెంచీ మీద కూర్చున్నాడు. షాపాయన ఆ చీటీ చూడకుండానే దాని మీద టీగ్లాసు పెట్టేశాడు.

"ఎవరయ్యా నువ్వు? ముట్టుకోకు!" షాపాయన కసిరాడు.

ఆయన తిన్నగా బల్ల కిందికి దూరాడు. కంప్యూటర్ పెట్టె ముందున్న చిల్లులోంచి ఇయర్‌ఫోన్ పిన్ను పీకి, వెనకున్న పచ్చ చిల్లులో గుచ్చాడు. చచ్చింది ముందు చిల్లన్నమాట!

కానీ వైరు బల్ల పైకి రాదే! మూరెడు తక్కువ.

"బల్ల కాళ్ళు కోసెయ్యండి," అన్నాడు బాబాయి.

గళ్ళ చొక్కాయన చెత్తబుట్టలోంచి పాత ఇయర్‌ఫోన్ లాగి, వైరు తుంచాడు. మంచిదాన్ని కూడా బ్లేడుతో మధ్యకి కోశాడు!

"అయ్యయ్యో!" పిల్ల కెవ్వుమంది.

లోపల వెంట్రుకల్లాంటి తీగలు. అగ్గిపుల్లతో కొసల మీది పూత కాల్చి, పాత వైరు మధ్యలో పెట్టి, ఎరుపుకి ఎరుపు, పచ్చకి పచ్చ, రాగికి రాగి మెలేశాడు. దేనికదే టేపు చుట్టాడు.

"ఎరుపుకి పచ్చ కలపవయ్యా!" బాబాయి ఆయన చెవి పక్కనే అరిచాడు.

ఆయన తలైనా తిప్పలేదు.

"అబ్బో, పొగరు!"

తర్వాత ఏం చేశాడో తెలుసా? ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోలేదు. సౌండు పూర్తిగా పెంచి, పళ్ళ మధ్య కరిచిపట్టాడు! ముందు ఒకటి, తర్వాత రెండోది. కళ్ళు మూసుకుని నవ్వాడు. సౌండు తగ్గించి పిల్ల చేతికిచ్చాడు.

"నమిలి వింటావేంటయ్యా?" షాపంతా ఒకటే నవ్వులు.

"వస్తోంది! అన్నా, గంటలా వస్తోంది!"

పదకొండు కొట్టింది. ఇక చూస్కోండి, కీబోర్డు మీద వడగళ్ళ వాన!

గంట తర్వాత తెర మీద పడింది: నెగ్గింది! ఈలలు, చప్పట్లు, గెంతులు!

గళ్ళ చొక్కాయన గోడ గడియారం చూసుకుని, మెల్లగా బయటికి నడిచాడు.

"బాబుగారూ! ఆగండీ!" పిల్ల గొంతు చించుకుని వెనకాలే పరిగెత్తింది.

ఆయన వెనక్కి తిరగలేదు. బస్సెక్కి వెళ్ళిపోయాడు.

"నాకు పలికితే ఆయన సొమ్మేం పోయింది?" చిన్నబుచ్చుకుని తిరిగొచ్చి, బల్ల మీది టీగ్లాసు పక్కకి తీసింది.

కింద చీటీ, టీ మరకలోంచి కనిపించింది.

"నాకు వినపడదు. ఉద్యోగం దరఖాస్తు టైపు చేయించుకోవాలి. పన్నెండులోగా ఇవ్వకపోతే తీసుకోరు. దయచేసి నా వంతు రాగానే చెయ్యి ఊపండి."

పిల్ల గడియారం వంక చూసింది. పన్నెండు దాటిపోయింది.

బాబాయే ముందు తేరుకున్నాడు.

"అయితే నా సలహా ఒక్కటీ వినలేదా? మరెలా బాగయిందర్రా?"