బాధ చాలదు సారూ

"శాడ్ అంటే ఏంది సారూ?"

"బాధ."

"కాల్ల ముల్లిరిగినా బాధే గదా. అది కొట్టెయ్. పెద్ద మాట పెట్టు."

దేవదానం సారు కలం ఆపాడు. ఉద్యోగమంతా బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. రఘునాథపల్లి నుంచి వచ్చిన, సంతకం కూడా రాని సమ్మమ్మ ఆయన ఇంగ్లీషును కొట్టెయ్యమంటోంది! ఇంకో రోజైతే నవ్వేవాడే. ఇవాళ నవ్వొచ్చే రోజు కాదు.

వచ్చే వారం కట్టయ్యకు ఉరి.

ఒడ్డు పంచాయితీ అది. రెండు చెలకల నడుమ జానెడు గట్టు. దానికోసం కట్టయ్య, మొండయ్య మాటామాటా అనుకున్నారు. కట్టయ్య చేతిలో పార ఉంది. మొండయ్య అక్కడికక్కడే పోయాడు. కింది కోర్టు ఉరి వేసింది, పై కోర్టు సరేనంది. వకీలు వెంకట్రాజం గవర్నరుకు రాసి పంపిన మొదటి క్షమాభిక్ష అర్జీ హైదరాబాదు నుంచి వెనక్కి వచ్చింది. ఇక మిగిలింది ఢిల్లీలో రాష్ట్రపతి ఒక్కడే. ఈసారి అర్జీ ఒక తల్లి పేరు మీద పోతోంది.

"సప్ప మాటలు రాసిండు గాయన," అంది సమ్మమ్మ. "ప్లీజు, కైండ్లీ అని. గవి లీవు చిట్టీల మాటలట గదా. గసొంటియి రాస్తే ఎవలు కరుగుతరు?"

ఆ 'గాయన', వకీలు, సుబేదారిలోని సారు ఇంటి వరండాలోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. సాయంత్రం బండికి హైదరాబాదు పోయి, అటునుంచటే ఢిల్లీ బండెక్కాలి. ఇది తప్పితే ఇక అంతే సంగతులు. మనిషి నల్లకోటులో తడిసి ముద్దవుతున్నాడు.

"సార్, జర జల్దీ! ఇది ఇంగ్లీషు పరీక్ష గాదు."

"పరీక్షనే వెంకట్రాజం. నువ్వు రాసింది ఫెయిలయింది గదా, కూసో."

వకీలు తల వంచుకుని మళ్ళీ నడక మొదలెట్టాడు. ఒకప్పుడు సారు క్లాసులో కూర్చున్నవాడే మరి.

సారు శాడ్ కొట్టేసి సారో అని రాశాడు. "దుఃఖం."

"దుఃఖం ఎవలకు లేదు?"

"గ్రీఫ్. మనిషి పోయినప్పుడు ఏడుస్తం జూడు, అది."

"ఏడ్సుడు ఆగుతది సారూ. ఆగనిది కావాలె నాకు."

సారు లావుపాటి డిక్షనరీ ముందుకు లాక్కున్నాడు. ఒక్క మాట కోసం ఇంత వెతుకులాట ఆయన కొలువులో ఉన్నన్నాళ్ళూ ఎరగడు.

"ఆంగ్విష్. పేగులు పట్టి మెలివెట్టినట్టు. నిద్రల సుత ఇడిసిపెట్టదు."

సమ్మమ్మ కళ్ళు మూసుకుంది. "అది. అది రాయి. కడుపుకోతకు జర దగ్గర్కొచ్చింది."

"కడుపుకోతకు సరైన మాట దొరుకుతలేదు చెల్లె."

"ఆ కోత ఇంగ్లీషోళ్ళకు సుత ఉండే ఉంటది. పేరు వెట్టే ధైర్నం లేకపాయె."

వరండాలో స్కూటర్ తాళం చప్పుడైంది. సారు పట్టించుకోలేదు.

"మెర్సీ అని రాస్తున్న. అంటే దయ."

"దయ బిచ్చపోని మీద సుత ఉంటది. ఇంకా పెద్దది చూడు."

సారు ఈసారి డిక్షనరీ తెరవలేదు. "క్లెమెన్సీ. సంపే హక్కు చేతిల ఉండి సుత సంపకుంట ఇడిసిపెట్టుడు."

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిసిపడ్డాయి.

"గింత మాట ఉన్నదా సారూ ఇంగ్లీషుల! రాయి. రెండు తాపల రాయి."

సారు రాశాడు. రెండోసారీ రాశాక గొంతు తగ్గించి అడిగాడు. "మొండయ్య గురించి ఏం రాయమంటవ్?"

"మంచోడని రాయి. కోపం జర ఎక్కువని రాయి." ఆగింది. "ముందుగాల చెయ్యెత్తింది మొండయ్యేనని రాయి."

కలం ఆగిపోయింది. వరండాలో అడుగులూ ఆగిపోయాయి. ఇంతకాలం ఏ సాక్షీ, ఏ కోర్టులోనూ అనని మాట అది.

"నిజమేనా చెల్లె?"

"నా కండ్లతోని చూసిన. అప్పుడు నోరు రాలే."

వకీలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సార్, ఈ ఒక్క మాట సాలు. ఈమె నోట వస్తే ఢిల్లీల కాదనేటోడు లేడు."

"ఆలోచించుకో చెల్లె," అన్నాడు సారు. "సచ్చినోని మీద ఇట్ల రాస్తే ఊళ్ళె నిన్ను బతకనిస్తరా? నీ సొంతోళ్ళే మొహాన ఉమ్మేస్తరు."

"ఉమ్మెయ్యనీ. ఊరి ఫికర్ నాకెందుకు? ఒక పానం పోయింది. ఇంకో పానం తీస్తే అది తిరిగొస్తదా?"

సారు రాశాడు. రెచ్చగొట్టింది మొండయ్యేనని తెలిసేలా 'ప్రొవోక్డ్' అని రాసి, ఎందుకో ఆమెకు ఆ మాట అర్థం చెప్పలేకపోయాడు. ఆమె కూడా అడగలేదు. సిరా పూసిన బొటనవేలు కాగితం మీద గట్టిగా ఒత్తింది. వేలు తీయడానికి మాత్రం మనసొప్పనట్టు అట్లాగే ఉండిపోయింది.

వకీలు నెమ్మదిగా ఆమె చెయ్యి పక్కకు జరిపి, కాగితం సంచిలో పెట్టుకుని పరుగెత్తాడు. స్కూటర్ మలుపు తిరిగింది. ఇక బండి అందుతుంది.

సమ్మమ్మ సారుకు దండం పెట్టి గేటు దాటింది.

లోపలికొచ్చే మొహం లేక పొద్దుటి నుంచి గేటు బయట ఎండలోనే నిలబడ్డ బక్కమ్మ, కట్టయ్యను కన్న తల్లి, మొండయ్యను కన్న తల్లి సమ్మమ్మ కాళ్ళ మీద పడిపోయింది.